వంటింటి గీత

పదికి తొమ్మిది. సర్వీసు మాది. ఇంకొక్క పాయింటు వస్తే సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా కంపెనీ హాల్లో ఉన్న ఆట కోర్టు ఏడాదిపాటు మా కుట్టు సెక్షన్‌ది. రాకపోతే కటింగ్ సెక్షన్‌ది.

వినడానికి చిన్నపిల్లల పంచాయితీలా ఉంటుంది. నాకు మాత్రం కాదు. షిఫ్టు ఐదున్నరకి అయిపోతుంది. కోర్టు లేకపోతే ఆరింటికల్లా పొయ్యి ముందు ఉండాలి. మా ఇంట్లో పొద్దుటి వంట తోడికోడలిది, రాత్రి వంట నాది. ఎనిమిది మందిమి. కోర్టు ఉన్న రోజు మాత్రం ఆట కూడా కంపెనీ పనే అని అత్తయ్యకి చెప్పి, ఏడు దాటాక వెళ్ళేదాన్ని. ఆవిడ సణుక్కుంటూ కుక్కర్ పెట్టేసేది. పొద్దున్నుంచి కాలర్లు కుట్టీ కుట్టీ మెడ పట్టేసేది. ‘అది ఏదీ, ఇది ఏదీ’ అని ఎవరూ అడగని గంట నాకు రోజు మొత్తం మీద అదొక్కటే. అది పోతే నేనేమైపోతానో అని నిజంగానే భయమేసింది.

ఇంత ముఖ్యమైన ఆటకి నా జోడీ ఎవరయ్యా అంటే, ఆ తోడికోడలే. అక్కది కూడా మా సెక్షనే, కాజాల మెషిన్. మా ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. తను మాట అంటే కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. నేనూ తక్కువ తినలేదు. కాకపోతే సెక్షన్ మొత్తంలో బంతిని అంత గట్టిగా కొట్టే మనిషి ఇంకొకరు లేరు. అవసరం అలాంటిది.

ఆట పేరు పికిల్‌బాల్. చెక్క బ్యాటు, చిల్లుల ప్లాస్టిక్ బంతి. నెట్‌కి అటూ ఇటూ ఏడేసి అడుగుల దూరంలో ఒక గీత ఉంటుంది. ఆ గీతకీ నెట్‌కీ మధ్య జాగాని కిచెన్ అంటారని మాకు ఆట నేర్పిన స్టోర్ కీపర్ చెప్పాడు. మా సెక్షన్‌లో అది మొదటిరోజే వంటిల్లయిపోయింది. అసలు గొడవంతా ఆ పేరుతోనే వచ్చింది.

‘వంటింట్లో ఉండి కొట్టకూడదు’ అని ఆయన చెప్పిన మాటని, అక్క ‘వంటింట్లోకి అడుగే పెట్టకూడదు’ అని అర్థం చేసుకుంది. మొదటి రెండు వారాలూ గీత దగ్గర కొయ్యబొమ్మలా నిలబడేది. కటింగ్ మాస్టర్ అది కనిపెట్టేశాడు. బంతిని నెట్ దాటించి అక్కడే టుపుక్కున పడేసేవాడు. బంతి రెండుసార్లు ఎగిరి చచ్చిపోయేది. అక్క దాని వంక చూస్తూ నిలబడేది.

“అక్కా, వెళ్ళొచ్చు.”

“వెళ్ళకూడదన్నారుగా.”

స్టోర్ కీపర్ వచ్చి మళ్ళీ చెప్పాడు. “వెళ్ళొచ్చమ్మా. బంతి ఒకసారి నేల మీద పడ్డాక లోపలికెళ్ళి నిక్షేపంగా కొట్టుకోండి. గాల్లో ఉన్న బంతిని మాత్రం లోపల నిలబడి కొట్టకూడదు. గీత మీద కాలున్నా లోపలున్నట్టే. బయటినుంచి కొట్టి, ఆ ఊపులో లోపల పడ్డా తప్పే.”

“బంతి అవతలికి వెళ్ళిపోయాక పడితే?”

“పాయింటు అయిపోయాక పడ్డా తప్పే.”

“మా ఇంట్లో వంటిల్లే నయం,” అంది అక్క. ఆ ఒక్క మాటకి మాత్రం నాకు నవ్వొచ్చింది.

ఆ రూలు ఆయన నోటి మాట కాదు. కాగితం మీద అచ్చువేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మెడలో వేలాడేసుకు తిరుగుతాడు. ఇవాళ ఆయనే అంపైర్.

నేను సర్వీసు చేశాను. అవతల కటింగ్ మాస్టర్, పక్కన వాళ్ళ సెక్షన్‌దే ఒక పొడుగాయన. పొడుగాయన లోతుగా తిప్పికొట్టాడు. నేను మెల్లగా ఎత్తి వేశాను. అందరం గీతల దగ్గరికి చేరాం. ఇక ఎవరూ గట్టిగా కొట్టడం లేదు. బంతి నెట్ మీదుగా పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. ఎవరికి ముందు ఓపిక పోతుందా అని హాల్లో అందరూ చూస్తున్నారు.

మాస్టర్ తన పాత ఎత్తు వేశాడు, టుపుక్కున. అక్క లోపలికి వెళ్ళింది, నేల మీద నుంచి లేచిన బంతిని అవతలికి నెట్టింది.

“అక్కా, బయటికి.”

తను రెండడుగుల్లో వెనక్కి వచ్చేసింది. మాస్టర్ అది ఊహించలేదు. కంగారులో బంతిని కాస్త ఎత్తుగా లేపాడు. అంతే. అక్క గాల్లోనే దాన్ని అందుకుని బాదింది. బంతి పొడుగాయన కాళ్ళ మధ్య నుంచి పోయి వెనక గోడకి కొట్టుకుంది.

కానీ అక్క ఆగలేదు. ఒళ్ళంతా ముందుకి తూలింది. వేళ్ళ మీద నిలబడి, చేతులు గాల్లో ఆడిస్తూ వంటింట్లోకి పడబోతోంది. నేను పక్కనుంచి ఒక్క దూకు దూకి తన యూనిఫాం కోటు నడుం దగ్గర రెండు చేతులతో పట్టుకుని లాగాను. గీతకి బెత్తెడు ఇవతల ఆగింది.

మా వాళ్ళు చప్పట్లు మొదలెట్టారు. మాస్టర్ చెయ్యెత్తాడు.

“అలా లాక్కోవడం ఏంటండీ? మనిషి పడిపోవాల్సిందే కదా. ఇది ఆటా, తాడు లాగుడా?”

స్టోర్ కీపర్ కళ్ళజోడు సర్దుకుని మెడలో కాగితం తిప్పాడు. చదవడానికి ఆయనకి అరనిమిషం పట్టిందేమో. నాకు ఒక షిఫ్టంత అనిపించింది.

“జోడీ పట్టుకుని ఆపొచ్చు. తప్పులేదు,” అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ఆయన ఇంకా చదువుతున్నాడు. “అయితే పట్టుకున్నవాళ్ళు వంటింటికి తగలకూడదు. వాళ్ళ కాలు లోపలుంటే, కొట్టినవాళ్ళు కూడా లోపలున్నట్టే లెక్క.”

ఆయన తలెత్తి నా వైపు చూశాడు.

“అందరం ఆవిడ కాళ్ళే చూశాం. మీ కాళ్ళు ఎక్కడున్నాయమ్మా?”

నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలుసు. దూకినప్పుడు ఎడమ కాలు ముందుకి జారింది. బొటనవేలు గీత మీద ఉంది. అక్క కోటు అంచు దాని మీద పడి ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు నేను వెనక్కి జరిగిపోయాను కూడా.

బయటే ఉన్నాయండీ అంటే అయిపోతుంది. ఏడాది పాటు నా గంట నాది. ఈ మాత్రం అబద్ధం ఆడని వాళ్ళెవరు? మొన్నటికి మొన్న కాలర్ వంకరగా కుట్టి, మెషిన్ మీదికి తోసేశాను. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. అక్క నన్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు. నాకు తనమీద చచ్చేంత కోపం వచ్చింది, ఎందుకో తెలీదు.

“గీత మీద ఉందండీ,” అన్నాను.

హాలు చల్లబడిపోయింది. పాయింటూ సర్వీసూ వాళ్ళకి పోయాయి. పది-పది. ఇక గెలవాలంటే రెండు పాయింట్ల తేడా ఉండాలి. తర్వాతి బంతి నేను నెట్‌లోకి కొట్టాను. ఆ తర్వాతిది అక్క బయటికి కొట్టింది. పన్నెండుకి పది. కటింగ్ మాస్టర్ వచ్చి నాకు చెయ్యి కలిపి ఏదో మెచ్చుకోబోయాడు. నేను వినిపించుకోలేదు.

ఇద్దరం బస్‌స్టాప్ దాకా నడిచాం. బెంచీ మీద కూర్చున్నాక అక్క మొదలెట్టింది.

“నిన్నెవరు నోరు తెరవమన్నారు?”

“అడిగారు కదా.”

“అడిగితే?”

తను బ్యాటు ఒళ్ళో పెట్టుకుని దాని అంచు గోరుతో గీకుతోంది.

“నీ వేలు గీత మీదుండటం నేను చూశాను,” అంది. “నువ్వు చెప్పకపోయుంటే నేనూ చెప్పేదాన్ని కాదు. గెలిచేవాళ్ళం. రేపట్నుంచి నువ్వు ఏం చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. నన్ను నేను అసలే నమ్మేదాన్ని కాదు.”

బస్సు వచ్చింది. మాది కాదు, వెళ్ళిపోయింది.

“రేపట్నుంచి ఆరింటికి పొయ్యి నేను వెలిగిస్తా. నువ్వు ఏడింటికి వచ్చి అందుకో.”

“పొద్దున్న వంట కూడా నీదే కదక్కా.”

“నాదే. అయితే ఏంటి?”

“అత్తయ్య అడిగితే?”

“అత్తయ్యకి నేను చెప్పుకుంటాలే.”

“మరి ఆ గంట నేనేం చెయ్యను?”

“నన్నడుగుతావేంటి? నిన్నెవరూ ఏమీ అడగని గంట ఒకటి కావాలనేగా నీ ఏడుపంతా.”

నేనా మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా.