సాయంత్రం ఆరున్నర విమానం

"జర ఏడుపు మొఖం పెట్టు ప్రమోదినీ. జడ్జి సాబుకు నష్టం కనవడాలె గద."

పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుంటే వెనకనుంచి ఈ మాట వచ్చింది. మా ఆయన సుదర్శన్‌రావు వంటింటి గుమ్మంలో నిలబడి ఇస్త్రీ చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆ గుమ్మంలోంచి నాకు వచ్చిన హుకుం ఇంతవరకూ ఒక్కటే, వచ్చినోళ్ల ముందట జర నవ్వుమొఖం పెట్టు అని. తాసిల్దారు వచ్చినా, మిల్లుకు వడ్లు తెచ్చిన ఆసామి వచ్చినా, ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా నవ్వుతూనే చాయ్ ఇచ్చాను. ఇవాళ మొదటిసారి ఏడవమన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది.

"రొట్టెలు ఎన్నయినయ్?" పక్క గదిలోంచి అత్తమ్మ సరళాదేవి అడిగింది.

"పన్నెండయినయ్ అత్తమ్మా."

"ఇంకో ఆరు చేసిపో. కోర్టు నుంచి ఎప్పుడొస్తరో ఏమో. మిల్లు కాడికి సుత పంపాలె."

కోర్టంటే పెద్ద కోర్టు కాదు. కరీంనగర్‌లో మూణ్నాలుగేళ్ల కింద పెట్టిన వినియోగదారుల ఫోరం. డబ్బిచ్చి కొన్న వస్తువు పాడైనా, టికెట్ కొన్న బండి రాకపోయినా పోయి నష్టపరిహారం అడగొచ్చు. ఎవరికో పాడైన ఫ్రిజ్‌కు పరిహారం ఇప్పించారని పేపర్లో చదివినప్పటి నుంచి మా ఆయనకు నిద్ర పట్టలేదు. "విమానం రద్దు చేసిండ్రు, నీ ఇంటర్వ్యూ పోయింది. ఫుకట్‌గ ఇడ్సిపెడ్తమా?" అన్నాడు. వకీలు కైలాసాన్ని ఇంటికే పిలిపించి నా పేరు మీద విమానం కంపెనీపై ఫిర్యాదు రాయించాడు. నష్టం యాభై వేలు. నష్టపోయింది నేను, ఎంత నష్టపోయానో లెక్క తేల్చింది ఆయన. ఆ రోజు వాళ్లిద్దరికీ నేను పకోడీలు వేశాను.

ఫిర్యాదు నకలు నాకు నిన్న చదవమని ఇచ్చారు. "ఫిర్యాదుదారు నిర్మల్ చిత్రకళలో పేరెన్నికగన్న కళాకారిణి" అని మొదటి పేజీలోనే ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ఈ ఇంట్లో నేను చేసేదానికి ఇంతవరకూ ఉన్న పేరు 'రంగులు పూసుడు'. నిర్మల్‌లో మా పుట్టింటి వెనక వీధి బొమ్మలు చేసేవాళ్లది. బడి నుంచి రాగానే వాళ్ల అరుగుల మీదే ఉండేదాన్ని. పొణికి కర్ర బొమ్మకు చింతగింజల జిగురు పూయడం దగ్గర్నుంచి నెమలి మెడకు ఆఖరి నీలం గీత గీయడం దాకా వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. పెళ్లయ్యాక మా ఆయనకు ఆ విద్య బాగానే కలిసొచ్చింది. పండక్కి ఆఫీసర్లకు ఇచ్చే పళ్లాల మీది బొమ్మలన్నీ నేను వేసినవే. తాసిల్దారు గారింట్లో నా నెమలి ఉంది, కరెంటాఫీసు పెద్దసారు ఇంట్లో నా జింకల జంట ఉంది. "నిర్మల్ కెళ్లి ఖాసుగ తెప్పిచ్చిన" అని చెప్పి ఇస్తాడు. తెప్పించిన మాట అబద్ధం కాదు, నన్ను నిర్మల్ నుంచే కదా తెప్పించాడు. మరి యాభై వేలు వచ్చేట్టుంటే రంగులు పూసుడు కూడా కళ అవుతుందని నాకు నిన్ననే తెలిసింది.

ఆ ఇంటర్వ్యూ సంగతి చెప్పాలి. సర్కారు హస్తకళల శాఖలో డిజైనర్ ఉద్యోగం. పని హైదరాబాదులో, ఇంటర్వ్యూ మాత్రం ఢిల్లీలో. ఢిల్లీలో ఉండే మా పెదబాపు కొడుకు మధుసూదన్‌రావు అన్నయ్య ఆ కాగితం పంపితే నింపి పోస్టులో వేశాను. మా ఇంట్లో ఆడవాళ్లకు వచ్చే ఉత్తరాలు ముందు మిల్లుకు పోతాయి. ఆయన చదివి, ఇవ్వదగ్గవి అనుకుంటే సాయంత్రం ఇంటికి తెస్తాడు. నాకొచ్చిన పిలుపు మిల్లులో తొమ్మిది రోజులుంది. ఇంటర్వ్యూ ఇంక రెండు రోజులుందనగా ఒక పొద్దున తెచ్చి నా చేతికిచ్చి, "అరే, రైలు ఎక్కినా అందదు గదనే" అని ఎంతో బాధపడ్డాడు. ఆ బాధ చూస్తే ఎవరైనా నమ్ముతారు. నేను కూడా ఒక పూట నమ్మాను.

నన్ను కన్న మా అవ్వ రుక్మాబాయి మాత్రం నమ్మలేదు. ఫోన్లో విన్నదో లేదో నిర్మల్‌లో బస్సెక్కి చీకటి పడకముందే వచ్చేసింది. కాళ్లు కూడా కడుక్కోకుండా వెంట తెచ్చిన బొమ్మల డబ్బా మూత తీసి, అందులో దాచుకున్న డబ్బు మా ఆయన ముందు పెట్టింది. "రైలు అందదంటుండ్రు గద. విమానం అందుతది. నా బిడ్డ పోయొస్తది," అంది. తన అత్తగారే మొహం మీద అన్నాక కాదనలేకపోయాడు. ఆ రాత్రే మార్కెట్ రోడ్డులో దుబాయి పోయేవాళ్లకు టికెట్లు అమ్మే దుకాణంలో నాకు ఢిల్లీకి టికెట్ కొన్నాడు. ఆ దుకాణపాయన, "పటేలా, ఆడామెకు టికెట్ కోసుడు నాకిదే ఫస్టు" అన్నాడట. అది కూడా నా తప్పే అన్నట్టు ఇంటికొచ్చి చెప్పాడు.

తెల్లవారి కార్లో హైదరాబాదు తీసుకెళ్లాడు. విమానం పొద్దున తొమ్మిదికి. పదకొండు దాకా కూర్చోబెట్టి రద్దయిందన్నారు. జనం అంతా కౌంటర్ మీద పడ్డారు. అక్కడ ఒక్కతే అమ్మాయి, నీలంచీర, ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లుంటాయి. అందరి తిట్లూ తింటూ ఒక్కొక్కరి టికెట్ చూసి జవాబు చెబుతోంది. మా వంతు వచ్చింది. నా మొహంలోకి చూసి అడిగింది. "మేడం, సాయంత్రం ఆరున్నరకు ఇంకో విమానంలో సీటు ఉంది. మీకు రాయమంటారా?"

ఇంటర్వ్యూ మర్నాడు పదింటికి. రాత్రి తొమ్మిదికల్లా దిగుతాను. అన్నయ్య వచ్చి తీసుకుపోతాడు. రాయమనడానికి నోరు తెరిచాను. ఆ లోపలే నా భుజం మీంచి మా ఆయన గొంతు వచ్చింది.

"రాత్రిపూట ఆడమనిషి ఒక్కతి ఢిల్లీల దిగుతదా? అద్దద్దు. పైసలు వాపస్ చేయుండ్రి."

"అన్నయ్య వస్తడు గదా..." అన్నాను.

"నడువు, గా కుర్చీల కూసో."

వెళ్లి కూర్చున్నాను. ఇప్పటికీ నాకు మండేది అక్కడే, ఎందుకు వెళ్లి కూర్చున్నాను? ముప్ఫై నాలుగేళ్లదాన్ని, కాళ్లున్నదాన్ని, చేతిలో సూట్‌కేసు కూడా ఉన్నదాన్ని. బడిపిల్లలాగా పోయి కూర్చున్నాను. అక్కణ్నుంచి చూస్తుంటే ఆ అమ్మాయి ఒక చీటీ ఇచ్చింది, మా ఆయన జేబులోంచి పెన్ను తీసి కింద నా సంతకం చేశాడు. రేషన్ కార్డు కాగితాల మీదా, బ్యాంకు కాగితాల మీదా, మా అవ్వ నా పేరున ఇచ్చిన రెండెకరాల కాగితాల మీదా ఎట్లా చేస్తాడో అట్లాగే, అలవాటుగా.

తిరుగు దారిలో సిద్దిపేట దగ్గర చాయ్ తాగుతూ "దేవుడే ఆపిండనుకో" అన్నాడు. ఇంటికొస్తే అత్తమ్మ "రాసిపెట్టి లేదు బిడ్డా" అంది. మా అవ్వ ఫోన్ చేస్తే నేనే చెప్పాను, విమానం రద్దయిందవ్వా అని. ఆరున్నర విమానం మాట చెప్పలేదు. అవ్వకే కాదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. విమానం మీద కోపం పెట్టుకోవడం తేలిక. విమానంతో కలిసి ఒకే ఇంట్లో బతకనక్కర్లేదు, దానికి రొట్టెలు చేసి పెట్టనక్కర్లేదు. ఏడాది పాటు ఆ కోపంతోనే గిన్నెలు తోమాను.

కంపెనీ వాళ్లు జవాబుతో పాటు ఆ చీటీ నకలు కూడా ఫోరానికి పంపారు. 'సాయంత్రం విమానంలో సీటు ఇస్తామన్నా ప్రయాణికురాలు తన ఇష్టంతో వద్దన్నది' అని అందులో ఉంది. కింద నా సంతకం. కైలాసం మొన్న అది చూసి తల పట్టుకున్నాడు. మా ఆయన ఒక్క నిమిషం కూడా పరేషాన్ కాలేదు.

"సంతకం నాది కాదు, కౌంటర్ల ఉన్న పోరియే చేసుకున్నది అను. ఇంకో విమానం ముచ్చటనే చెప్పలేదను. అంతే."

"గా పిల్ల నౌకరి పోతది గద," అన్నాను.

"పోతే పోనీ. మన పిల్లనా?"

ఆ రెండు రోజులూ ఎటు కదిలినా గోడే తగిలింది. అవునంటే ఒక పిల్ల నోటి దగ్గర కూడు తీసినదాన్ని. కాదంటే సాయంత్రం ఈ ఇంటికే రావాలి, ఇదే గుమ్మంలో ఈయనే ఉంటాడు. నిర్మల్ పోదామంటే మా అవ్వకే నా తమ్ముడి ఇంట్లో ఒక మూల గది. జ్వరమొచ్చిందని చెబుదామా అని కూడా అనుకున్నాను. జ్వరమొస్తే ఇంకో తారీకు తీసుకుంటారు, అంతే కదా. ఇవాళ అత్తమ్మ అడిగిన ఆరు రొట్టెలూ కాల్చి, బట్టలో చుట్టి, చీర మార్చుకుని కారెక్కాను.

ఫోరంలో బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో రిటైరైన జడ్జిగారు, ఒక పక్క లెక్చరర్‌లాగా ఉన్న ఒకామె, ఇంకో పక్క ఒక పెద్దమనిషి. గోడవారన బెంచీ మీద ఆ అమ్మాయి. ఇవాళ నీలంచీర కాదు, మామూలు పూల చీర. ఒళ్లో ఫైలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పక్కన ఎవరూ లేరు, హైదరాబాదు నుంచి బస్సులో వచ్చినట్టుంది. నన్ను చూసి తల వంచుకుంది. తప్పు చేసిన వాళ్లు కూడా అంత భయపడరు.

నాతో ప్రమాణం చేయించారు. కంపెనీ తరఫు వకీలు హైదరాబాదు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. చీటీ నా ముందు పెట్టాడు.

"అమ్మా, ఈ సంతకం మీదేనా?"

"నాది కాదు."

కైలాసం లేచి నిలబడ్డాడు. "చూసిండ్రా సార్, దొంగ సంతకం! కౌంటర్ల..." బెంచీ మీది అమ్మాయి ఫైలు జారి కింద పడింది. కాగితాలు ఏరుకోవడానికి వంగింది. వెనక కుర్చీలో మా ఆయన చిన్నగా దగ్గాడు. నేను బాగా చెబుతున్నానన్నమాట.

"గా అమ్మాయి చెయ్యలే సార్," అన్నాను. "మా ఆయన చేసిండు. మా ఇంట్ల నా సంతకాలన్నీ ఆయనే చేస్తడు."

కంపెనీ వకీలు నన్ను పరీక్షగా చూశాడు. ఆయనకు అక్కడితో కేసు అయిపోయినట్టే, కూర్చోవచ్చు. కూర్చోకుండా ఇంకో మాట అడిగాడు.

"సీటు ఉంది. టైముంది. మీకు ఉద్యోగం కావాలని ఫిర్యాదులో రాశారు. మరి ఆ సాయంత్రం మీరెందుకు వెళ్లలేదమ్మా?"

ఏడాదిగా ఇంతమంది నా కోసం బాధపడ్డారు, ఒక్కరూ ఈ మాట అడగలేదు. నన్ను ఓడించడానికి వచ్చిన మనిషి అడిగాడు. పొద్దున రమ్మంటే రాని ఏడుపు అప్పుడొచ్చింది. మా ఆయన కోరిన మొహం ఆయన కోరిన చోటే పెట్టాను.

"నన్ను పోనియ్యలే సార్. విమానం పొద్దుగాల ఒక్కసారే ఆపింది. మా ఆయన ముందుగాల తొమ్మిది దినాలు నా ఉత్తరం ఆపిండు, మళ్ల పొద్దూకి విమానం ఎక్కకుంట నన్ను ఆపిండు. గీ అమ్మాయి సీటు ఇస్తనన్నది. నన్నే అడిగింది, ఆయనను కాదు."

"ప్రమోదినీ!" వెనకనుంచి కేక.

జడ్జిగారు చెయ్యెత్తి ఆయన్ను కూర్చోమన్నారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "చూడమ్మా, ఇట్లా చెబితే నీ కేసు నిలవదు. తెలుసా?"

"తెలుసు సార్."

"ఇది విమానం కంపెనీ మీద వేసిన కేసు. నువ్వు చెప్పేది వేరే ఫిర్యాదు. అది ఈ ఫోరంలోకి రాదు."

"మరి గది ఏ కోర్టుల తీసుకుంటరు సార్?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని గుమాస్తాకు రాయమని సైగ చేశారు. పక్కనున్న ఆమె నా మాట తన కాగితం మీద రాసుకుంది. బెంచీ మీది అమ్మాయి నన్నే చూస్తోంది. బయట కారుంది. ఆ కారు ఎక్కడికి పోతుందో, ఇంట్లో నాకేముందో నాకు తెలుసు. భయం కూడా అట్లాగే ఉంది, ఇంత కూడా తగ్గలేదు.

గుమాస్తా నేను చెప్పిందంతా రాసి, చదివి వినిపించి, కింద సంతకం పెట్టమని కాగితం బల్ల అంచుకు జరిపాడు. మా ఆయన లేచి వచ్చాడు. కోపంతో చెవులు ఎర్రబడి ఉన్నాయి, అయినా చెయ్యి దాని పాటికి అది జేబులోకి పోయింది, పెన్ను తీసి మూత విప్పి కాగితం మీదికి వంగాడు.

కాగితం నా వైపు లాక్కున్నాను.