రెండు సీట్ల గన్ను

ఆ దళంలో అందరికీ ఆయన బావే. కెప్టెన్‌గారు మొదలుకొని వంటవాడి దాకా ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. దానికి కారణం గద్ద. గద్ద ఆయనకు స్వయానా బావమరిది, పోయిన భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. దళంలో చేరిన రోజే అందరూ వరసలో నిలబడి ఉండగా, "బావా, నా బూట్లు ఎక్కడ పెట్టావు?" అని కేకేశాడు. అంతే, ఆ పిలుపు దళమంతా పాకిపోయింది. కెప్టెన్‌గారు మాత్రం కాస్త మర్యాద కలిపి "బావగారూ" అంటారు.

గద్దకు ఆ పేరు కళ్ళ వల్ల వచ్చింది. మబ్బు అంచున ఆవగింజంత చుక్క కదిలినా, మిగతావాళ్ళు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుక్కునేలోగా అతను వేలు చూపించేవాడు.

వాళ్ళిద్దరిదీ లారీ వెనక తగిలించి లాక్కెళ్ళే గన్ను. కిందుగా ఎగిరి వచ్చే విమానాలను కొట్టడానికి చేసిన జంట గొట్టాల గన్ను. చోటు చేరాక టైర్లు పైకెత్తి దాన్ని ఇనుప కాళ్ళ మీద దించుతారు. గొట్టాలకు అటొక సీటు, ఇటొక సీటు. ఎడమ సీట్లో బావ కూర్చుంటాడు. ఆయన చేతిలోని చక్రం తిప్పితే గన్ను పక్కకు తిరుగుతుంది. కుడి సీట్లో గద్ద. అతని చక్రం తిప్పితే గొట్టాలు లేస్తాయి, దిగుతాయి. పేల్చే పెడల్ కూడా గద్ద కాలి కిందే ఉంటుంది. ఇద్దరి కళ్ళ ముందూ చెరొక ఇనుప రింగు. ఏ రింగులోంచి చూసినా కనపడేది గొట్టాలు చూస్తున్న చోటే. రెండు జతల చేతులూ ఒకే మనిషివైనట్టు ఆడితేనే విమానం ఆ రింగులో నిలుస్తుంది. ఏళ్ళ తరబడి వాళ్ళకలాగే ఆడాయి.

ఇప్పుడు గద్ద కళ్ళు పోతున్నాయి. అంచులు బాగానే కనపడతాయి గానీ, దేన్ని సూటిగా చూస్తే దాని మీదే వేలిముద్ర అంటిన అద్దంలా ఒక మసక. ఆ సంగతి గద్దకూ బావకూ తప్ప ఎవరికీ తెలియదు. తమాషా ఏమిటంటే, వాళ్ళిద్దరూ కూడా ఆ మాట ఒకరితో ఒకరు ఎన్నడూ అనుకోలేదు. కళ్ళ పరీక్ష గోడ మీది అక్షరాలు ఏళ్ళుగా మారలేదు కాబట్టి గద్ద వాటిని ఎక్కంలా అప్పజెప్పి వచ్చేవాడు. గన్ను మీద బావ మెల్లగా గొణిగేవాడు. "కొంచెం ఎక్కు... చాలు... అక్కడే ఉండు..." గొట్టాల మీదుగా ఆ గొణుగుడు గద్ద చెవిన పడేది. అడ్డంగా సాగిపోయే గురికి ఆ మాత్రం సాయం చాలు. ఎత్తు పెద్దగా మారదు, పక్కకు తిప్పేది ఎలాగూ బావే. గుళ్ళు అందించే వాళ్ళు మాత్రం దానికి ఇంకో అర్థం చెప్పుకునేవారు. సీటెక్కగానే బావకు భార్య గుర్తొస్తుందని, ఆవిడతో మాట్లాడుకుంటున్నాడని నవ్వుకునేవారు. బావ ఆ నవ్వును కాదనలేదు. అందులో అబద్ధం పూర్తిగా లేదు మరి.

ఆ మసకను ముందు కనిపెట్టింది ఆవిడే. ఆస్పత్రి మంచం మీద ఉండి, తమ్ముడు ఫ్లాస్కులోంచి టీ పోస్తుంటే చూసింది. టీ కప్పులో పడకుండా పక్కన పడింది. గద్ద నవ్వేసి గుడ్డతో తుడిచాడు. అతను బయటికి వెళ్ళాక ఆవిడ భర్తతో, వీణ్ణి కళ్ళ డాక్టరుకు చూపించండి, వాడంతట వాడు వెళ్ళడు అంది. అలాగే అన్నాడు బావ. ఆవిడ పోయాక ఆ మాట ఇవాళ, రేపు అంటూ వెనక్కి జరుగుతూ వచ్చింది. చూపు లేదని తేలితే గద్ద సీటు దిగాలి, సీటు దిగితే దళంలో ఉండడు. వాళ్ళిద్దరూ ఉండే రెండు గదుల క్వార్టరులో సాయంత్రం పూట పెదవి ఒక మూల కొరుక్కుంటూ ఆలోచించే మనిషి మరొకరు మిగలరు. అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకటే అలవాటు. ఆ పెదవి కోసమే తాను నోరు మూసుకుంటున్నానని బావకు లోపల తెలుసు.

అంతలో కొత్త గన్ను వచ్చింది. కర్మాగారం నుంచి ఇంజనీరమ్మ దానితో పాటే వచ్చి అందరికీ ఓపిగ్గా చూపించింది. ఇందులో చక్రాలు లేవు. మోటార్లే పక్కకు తిప్పుతాయి, మోటార్లే పైకెత్తుతాయి. ఒక్క మనిషి కూర్చుని, ఒక్క పిడి పట్టుకుంటే చాలు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. లారీ డ్రైవరు మాత్రం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఒక్కటే సీటా, ఇక గురి తప్పితే తిట్టడానికి పక్కన ఎవరూ ఉండరన్నమాట అన్నాడు.

ఆ ఒక్క సీటు గద్దకే ఇవ్వాలని కెప్టెన్‌గారు అనుకున్నారు. వచ్చే అభ్యాసం అయ్యాక ప్రకటిస్తానన్నారు. గద్ద ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"ఇక నీ గొణుగుడు పీడ వదిలిపోతుంది బావా," అన్నాడు అందరి ముందూ.

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ పూట కంచం ముందు కూర్చున్నా ఆ ఒక్క సీటే కళ్ళ ముందు ఆడింది. తన గొణుగుడు లేకుండా, పెడల్ మీద కాలు వేసి, ఆ మసకతో గద్ద ఒక్కడే కూర్చుంటాడు. ఈ అభ్యాసం కాగానే కెప్టెన్‌గారికి చెప్పేయాలనుకున్నాడు. చెప్పాల్సింది అభ్యాసం ముందని తెలిసీ, తర్వాత అనుకున్నాడు.

అభ్యాసం రోజు గాలి విసురుగా ఉంది. మైదానం చివర పాత గన్నును దించారు. అభ్యాసమంటే, ఒక విమానం పొడుగాటి తాడు చివర గుడ్డసంచిని లాక్కుంటూ ఎగురుతుంది. కొట్టాల్సింది సంచిని. ఏ గన్ను కొట్టిందో తెలియడానికి గుళ్ళ మొనలను రంగులో ముంచుతారు. వీళ్ళది నీలం. ఎండకూ వానకూ ఆ సంచి ఎరుపంతా వెలిసిపోయి ఆకాశంలో కలిసిపోయే రంగుకు వచ్చింది. కొత్తది ఇమ్మని అడుగుతూనే ఉన్నారు.

మొదట విమానం వాళ్ళకు అడ్డంగా అటూ ఇటూ తిరిగింది. బావ గొణిగాడు, గద్ద నొక్కాడు, సంచికి చిల్లులు పడ్డాయి. కెప్టెన్‌గారు బైనాక్యులర్స్ దించి, పక్కనున్న ఇంజనీరమ్మతో, చూశారా మా గద్దను అన్నట్టు తలాడించారు.

తర్వాత విమానం దూరంగా వెళ్ళి మళ్ళీ తిరిగి, నేరుగా గన్ను వైపుకే రావడం మొదలుపెట్టింది. యుద్ధంలో విమానం వచ్చేది అలాగే కనుక ఆ వరస కూడా అభ్యాసం చేయిస్తారు. ఇది పూర్తిగా ఎత్తు చూసేవాడి పని. ముందు విమానం వస్తుంది, దాన్ని పైకి పోనివ్వాలి. గొట్టాలు దించి, వెనక కిందుగా వచ్చే సంచిని రింగులోకి తెచ్చుకోవాలి. అప్పుడు కెప్టెన్‌గారు ఈల వేస్తారు, అప్పుడే నొక్కాలి. గొట్టాలు విమానం మీద లేవని చూడటానికి పక్కన ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. కూర్చున్నది గద్ద అయితే ఆ మనిషి కూడా గొట్టాల వైపు చూడటం ఎప్పుడో మానేశాడు. గద్ద గొట్టాలకు కాపలా ఏమిటని అందరిలాగే అతనూ ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

విమానం పెరుగుతూ వచ్చింది. దాని మోతకు సీటు కింద ఇనుము అదిరింది. బావ రింగులో విమానం కడుపు కనపడుతోంది. గద్ద దీన్ని వదిలేస్తాడు, ఇప్పుడు వదిలేస్తాడు అనుకున్నాడు. గొట్టాలు దిగలేదు. విమానంతో పాటే మెల్లగా, అందంగా, ఏ కుదుపూ లేకుండా పైకి లేస్తున్నాయి.

"దిగు," అన్నాడు బావ. "దిగు, దిగరా."

మోతలో ఆ మాట తనకే వినపడలేదు. రింగులో రెక్క కింద కారిన నూనె మరక కనపడింది. వెనక ఎక్కడో సంచి వస్తూ ఉంది, దాన్ని చూస్తున్న కెప్టెన్‌గారు ఈల పెదవుల మధ్య పెట్టుకున్నారు.

ఈల మోగింది.

బావ రెండు చేతులతో చక్రాన్ని తనవైపు లాగేశాడు. గన్ను మొత్తం ఒక్కసారిగా పక్కకు తిరిగింది. గుళ్ళు పేలాయి. ఏమీలేని ఆకాశంలో, విమానానికి దూరంగా, తెల్లటి పొగ చుక్కలు వరసగా విచ్చుకున్నాయి. విమానం తల మీదుగా దాటిపోయింది. దాని వెనక సంచి కూడా ఏమీ ఎరగనట్టు ఊగుతూ దాటిపోయింది.

ముందు మాట్లాడింది గద్దే.

"నిద్రపోయావా బావా? బంగారంలా పట్టుకుంటే లాగేశావేంటి?"

గుళ్ళు అందించేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రేడియోలో పైలట్ గొంతు గరగరమంటూ వచ్చింది. మీవాళ్ళు ఇవాళ టీ తాగలేదా, గుళ్ళు పక్క ఊరికి పోతున్నాయి అని వేళాకోళమాడింది. వెనక ఇంకెవరో నవ్వడం కూడా వినిపించింది. తాడు చుట్టే మనిషి కాబోలు. పైన ఇద్దరున్నారని బావకు ఎప్పుడూ తెలుసు. ఆ నవ్వు విన్నాక మాత్రం చక్రం మీంచి చేతులు తీసేశాడు.

కెప్టెన్‌గారు దగ్గరికి వచ్చారు. కోపంగా లేరు. ఆశ్చర్యంగా ఉన్నారు, అంతే. చెయ్యి జారిందా బావగారూ, వయసు మీదపడుతోందా అని నెమ్మదిగా అడిగారు. అవునంటే అక్కడితో సరిపోయేది. చెయ్యి జారిందన్న మాట దళంలో నాలుగు రోజులు నలిగి ఆగిపోయేది, కొత్త గన్ను సీటు గద్దకు దక్కేది, విమానం ఇంకో చుట్టు తిరిగి వచ్చేది. అది అప్పుడే దూరాన రెక్క వాల్చి మలుపు తిరుగుతోంది.

"చెయ్యి జారలేదు సార్," అన్నాడు బావ. "వాడికి సంచి కనపడలేదు. విమానాన్ని పట్టుకున్నాడు."

గద్ద తల తిప్పాడు. బావ వైపు సూటిగా చూడకుండా, కొంచెం పక్కకు చూశాడు. బావను చూడాలంటే ఇప్పుడతను అలాగే చూడాలి.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నారు కెప్టెన్‌గారు.

"మా ఆవిడ ఉన్నప్పటినుంచి. నాకు తెలుసు సార్. తెలిసే కూర్చోబెట్టాను."

ఎర్రజెండా మనిషి జెండాను నేల మీద పెట్టి దాని పక్కనే కూలబడ్డాడు. కెప్టెన్‌గారు మలుపు తిరుగుతున్న విమానం వైపు చూశారు. తర్వాత రేడియోలో విమానాన్ని వెనక్కి వెళ్ళిపొమ్మన్నారు. ఎందుకని వాళ్ళడిగితే గాలి ఎక్కువగా ఉందన్నారు. ఆ తర్వాత, ఇద్దరూ దిగండి అన్నారు. గొంతు పెంచలేదు. అందరి ముందూ తిట్టిపోయగల మనిషే, అయినా తిట్టలేదు. ఎన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా బావ ఆయనకు ఆ ఒక్కదానికి మనసులో దణ్ణం పెట్టుకునేవాడు.

గన్నును లారీకి తగిలించారు. తిరిగి వచ్చేటప్పుడు లారీ వెనక బల్ల మీద గన్ను వైపు తిరిగి కూర్చుని, కొక్కెం కదలకుండా చూసుకునేది సీట్ల మీది వాళ్ళిద్దరే. దళంలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ రోజు అక్కడ వేరే ఇద్దరు కూర్చున్నారు. బావా గద్దా డ్రైవరు పక్కన కూర్చున్నారు. నోరు ఊరుకోని ఆ డ్రైవరు కూడా దారంతా రోడ్డునే చూస్తూ నడిపాడు. గుంతలు వచ్చినచోట మామూలు కంటే మెల్లగా పోనిచ్చాడు.

సగం దారిలో గద్ద అడిగాడు.

"అక్కకి తెలుసా?"

"తెలుసు. ముందు చూసింది తనే. నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంది."

"మరి తీసుకెళ్ళలేదేం?"

బావ ఒళ్ళో పెట్టుకున్న చేతులు చూసుకున్నాడు. చక్రం లాగినప్పుడు అరచెయ్యి చీరుకుపోయింది. అది ఇప్పుడే మండుతోంది.

"నువ్వు వెళ్ళిపోతావని," అన్నాడు.

గద్ద పెదవి ఒక మూల కొరుక్కున్నాడు. బావ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నాకూ తెలుసు బావా," అన్నాడు గద్ద. "నువ్వు గొణుగుతున్నావంటే నీకు తెలిసిపోయిందని తెలుసు. నీకేం ఫరవాలేదంటే నాకూ ఫరవాలేదనుకున్నా." ఆగి, ఇంకా చిన్న గొంతుతో అన్నాడు. "వాళ్ళు నవ్వుతున్నారు పైన. విన్నావా?"

"విన్నాను."

డాక్టరు ఏమంటాడో, ఇద్దరి మీదా ఏ విచారణ జరుగుతుందో, రేపు గద్ద ఎక్కడికి వెళ్తాడో ఏదీ తెలియదు. నయమయ్యే జబ్బు కాదేమోనన్న భయం మాత్రం ఇద్దరి మధ్యా మూడో మనిషిలా కూర్చుని ఉంది.

షెడ్డు ముందు లారీ ఆగేసరికి వెలుగు తగ్గిపోయింది. బావ ముందు దిగాడు. మామూలుగా అయితే గద్ద ఈల వేసుకుంటూ దూకేసేవాడు. తూలితే నవ్వేసేవాడు. ఇప్పుడు తలుపు పట్టుకుని, ఒక కాలు గాల్లో ఉంచి ఆగిపోయాడు.

"బావా, నేల ఎంత కిందుంది?"

అలా అడగడం అదే మొదలు. చుట్టూ మనుషులున్నారు, అందరూ విన్నారు. అయినా అడిగాడు.

"ఇంకో మెట్టుంది," అన్నాడు బావ. "ఆ తర్వాత నేలే. దిగు."

గద్ద చెయ్యి చాచాడు. చీరుకుపోయిన అరచేతిలో బావ ఆ చేతిని అందుకున్నాడు.