గూటి ముందు రెమ్మలు

అక్క బతిమాలకపోతే ఆ ఇద్దరూ ఒకే జీపు ఎక్కేవాళ్లు కాదు. బావకు ఫోటో స్టూడియో ఉంది. బావమరిది పళ్ల డాక్టరు. కిందటేడు పక్షుల ఫోటోల పోటీలో మొదటి బహుమతి బావమరిదికి వచ్చింది. "నేను చూపించిన చెట్టు దగ్గరే తీసి నా నోట్లో మట్టి కొట్టాడు" అని బావ చుట్టాలందరికీ చెప్పుకొచ్చాడు. అప్పట్నుంచి మాటల్లేవు.

అడవిలో మొదటి గంటంతా సీటు తగువుతోనే గడిచింది.

"మోచెయ్యి తియ్యరా."

"ముందు మీ సంచీ తియ్యండి. మూడో మనిషిలా కూర్చోబెట్టారు."

జీపు నడుపుతున్న గైడు వెనక్కి తిరిగింది. ఇరవై ఏళ్లుగా ఆ అడవిలో పనిచేస్తున్న మనిషి. "మీ అరుపులకు పిట్టలే కాదు, ఏనుగులు కూడా పారిపోతాయి" అంది.

వాగు మలుపులో ఆమె జీపు ఆపి, ఒక ముళ్లపొద చూపించింది. పసుపు గొంతు, నీలి రెక్కలు, తోక కింద నెత్తుటి ఎరుపు ఉన్న పిట్ట పురుగును నోట కరుచుకుని గూటి మీద వాలింది. మూడు పిల్లలు నోళ్లు తెరిచాయి. ఆకుల సందుల్లోంచి అంతా ముక్కలుముక్కలుగా కనిపిస్తోంది.

"ఇక్కణ్నుంచే తీసుకోండి. ఎవరూ దిగొద్దు" అని చెప్పి, జీపు దాటగలదో లేదో లోతు చూడటానికి ఆమె కర్ర పట్టుకుని వాగు వైపు నడిచింది.

ఆమె అటు వెళ్లిందో లేదో, బావ సంచీలోంచి కత్తెర తీసుకుని దిగాడు.

"ఏం చేస్తున్నారు బావా?"

"నోర్మూసుకో. రెండే రెమ్మలు."

రెండు కాదు, ఎనిమిది కత్తిరించాడు. బావమరిది ఆపలేదు. కత్తెరతో వంగి ఉన్న బావను ఫోటో తీశాడు. ఇన్నాళ్లకు దొరికాడు అనుకున్నాడు. బావ తిరిగి ఎక్కిన కాసేపటికి, గైడు ఇంకా వాగు దగ్గరుండగానే, తల్లి పిట్ట వచ్చింది. అడ్డం లేని ఎండలో దాని రెక్కలు ధగధగలాడాయి. రెండు కెమెరాలూ ఆగకుండా టకటకలాడాయి.

మర్నాడు ఉదయం అదే దారిన వచ్చేసరికి గూడు పక్కకు ఒరిగి ఉంది. పిల్లలు లేవు. తల్లి పిట్ట పురుగును పట్టుకుని కొమ్మ నుంచి కొమ్మకు గెంతుతోంది. గైడు దిగి, తెగిన రెమ్మలు చేతిలోకి తీసుకుంది. ఆమె ముఖం జేవురించింది.

"ఎవరు కోశారు?"

బావమరిది కెమెరా అందించాడు. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు. "మీరే చూడండి."

ఆమె చూసింది. తర్వాతి ఫోటోకి జరిపింది. దాని తర్వాతిదానికి. పిట్ట ఫోటోలు ఇరవై దాకా ఉన్నాయి.

"ఆయన కోస్తుంటే నన్నొక్క కేక వెయ్యలేదు. కోశాక తీరిగ్గా ఇవన్నీ తీసుకున్నారు."

"కోసింది నేను కాదు కదండీ!"

"ఆయన కన్నా మీరంటేనే ఎక్కువ అసహ్యమేస్తోంది సార్. కాకులకు గూడు చూపించి పెట్టారు ఇద్దరూ."

ఆమె నేరుగా జీపును గేటుకు తోలింది. ఇద్దరి పేర్లూ రాయించి, ఇక ఎప్పటికీ లోపలికి రానివ్వొద్దని చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

గేటు బయట బస్సు కోసం ఒకే బల్ల మీద చెరో చివర కూర్చున్నారు. బావమరిది కెమెరా తెరిచి, ఎండలో మెరుస్తున్న తల్లి పిట్ట ఫోటో చూశాడు. తను తీసినవాటిలో ఇంత మంచి ఫోటో ఇంకోటి లేదు. చెరిపేసే మీట మీద వేలు పెట్టాడు. నొక్కలేదు.

బావ ఓరగా చూస్తూనే ఉన్నాడు. "అది పోటీకి పంపావంటే ఊరుకోను" అన్నాడు. "రెమ్మలు కోసింది నేను."