వనిత సంతకం గడువు

వంకాయలు నూనెలో మగ్గుతుండగా ఫోన్ మోగింది. వనిత చేయి తుడుచుకుని చూసింది. తోటి వాలంటీరు రవికాంత్ మెసేజ్.

"మేడం, మీ కీ గడువు ఈ వారంతో ముగుస్తోంది. ఇంట్లో బిజీగా ఉంటే చెప్పండి, ప్యాకేజీ నా పేరు మీదికి మార్చుకుంటాను."

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే వనిత, తెరమీద తెలుగు ఒత్తులు విరిగిపోకుండా చూసే ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని ఏళ్లుగా ఒంటిచేత్తో సాకుతోంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తను పంపే ప్రతి మార్పు మీదా తన డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం చేసే కీకి గడువుంటుంది; పొడిగించకపోతే తను పంపిందేదీ చెల్లదు. క్రితంసారి అత్తమ్మ లచ్చమ్మ కంటి ఆపరేషన్ హడావుడిలో మరిచిపోయింది. పంపినవన్నీ తిరగ్గొట్టారు. "ఆడవాళ్లకు సంసారాలుంటాయి, పాపం" అని వాలంటీర్ల గ్రూపులో ఎవరో జాలిపడ్డారు. ఆ జాలి ఇప్పటికీ గొంతులో ముల్లే.

వనిత విషయం చెబితే, హాల్లోంచి భర్త దినేశ్ అన్నాడు: "ఇచ్చెయ్‌రాదు ఆయనకే. పైస రాని పనికి గింత ఫికరెందుకు? చుట్టాలొస్తున్నరు, జర వంట చూడు."

పైసా రాని పని! మరి ఈ వంకాయలకు ఎవరిస్తున్నారు? ఇన్నేళ్లూ ఉతికిన చొక్కాలకు, కాచిన చాయ్‌లకు? వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యమని ఈ మనిషి ఒక్కనాడూ అనలేదే! కోపం రావలసిన చోట నవ్వొచ్చింది వనితకు.

పొయ్యి ఆర్పి, వంటగట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచింది. రహస్యపదం కొట్టి, కొత్త గడువు పెట్టి, కీని సర్వర్‌కు పంపింది. "పొడిగించాను. పేరు మార్చనక్కర్లేదు" అని రవికాంత్‌కు రాసింది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అంటూ లచ్చమ్మ వచ్చింది.

"నా సంతకం చెల్లకుండ పోతుంటే ఆపుకున్న, అత్తమ్మా."

లచ్చమ్మకు ఎంత అర్థమైందో గానీ, కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. "నాదెప్పుడూ ఏలిముద్రే. నీ సంతకం నువ్వు ఇడువకు."

వనిత మనసు తేలికపడింది. హాల్లోకి వెళ్లి దినేశ్ చేతిలోని ఫోన్ తీసుకుంది. వచ్చే గడువుకు నెల ముందు మోగేలా అందులో ఓ రిమైండర్ రాసిపెట్టి, తిరిగిచ్చింది.

"ఇదేంది?" అంటూ అతను తెరమీద ఆమె రాసింది చదివాడు:

"ఈ రోజు వనితకు పనున్నది. వంట నీది."