నూనె తాగే ఇంజిన్

కంచరపాలెంలో మొదటి గూడ్సు బండి వెళ్లేసరికి ధనలక్ష్మి కారు అద్దాలు తుడిచేది. ముందు సీట్లో కూర్చున్న మొగుడు వీర్రాజు ఒళ్లో టీ ఫ్లాస్కు పెట్టి బండి తీసేది.

వీర్రాజు వానాకాలంలో గుండె ఆగి చనిపోయాడు. పెద్దకర్మ అయ్యాక ఆమె మళ్లీ బండి రోడ్డెక్కించిన పొద్దున వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. మాట్లాడడు. రోడ్డు చూస్తుంటాడు. స్టీలు ప్లాంటు క్యాంటీన్లో వంటపనికి వెళ్లే ముగ్గురు ఆడవాళ్లు వెనక సర్దుకునేవారు. అతని మొహాన ఎండ పడితే, వాళ్లలో పెద్దదైన కాంతం చెయ్యి చాచి ఎండతెర దించేది.

చలికాలంలో వాసన మొదలైంది. మాడిన నూనె వాసన. మొదట రోడ్డు పక్క బజ్జీల బండి అనుకున్నారు. గాజువాక దగ్గర బండి ఆగినప్పుడల్లా కళ్లు మండేటంత వాసన లోపలికొచ్చేది. బండి అంటుకుంటే తమ గతేమిటని వెనకవాళ్లు మెల్లగా అడిగారు. ఇలాగే ఉంటే బస్సుకి పోతామన్నారు. ఆ ముగ్గురూ లేకపోతే ధనలక్ష్మికి బతుకుతెరువు లేదు.

సబ్బవరం నుంచి అన్న అర్జునరావు ఫోన్ చేశాడు. కారు కొనేవాడున్నాడనీ, అమ్మేసి తన ఇంటికొచ్చి ఉండమనీ అన్నాడు. ఆదివారం అతన్ని తీసుకురమ్మని ఒప్పుకుంది గాని ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. బండి అమ్మేస్తే ఆయన ఎక్కడ కూర్చుంటాడు? ఆ మాట అన్నని అడగలేకపోయింది.

రైలు వంతెన కింద షెడ్డున్న ఎల్లారావు వీర్రాజుకి పాత స్నేహితుడు. బానెట్ ఎత్తి టార్చి వేసి చూశాడు. ఇంజిన్ పైమూత కింద రబ్బరు ప్యాకింగు గట్టిపడి పగిలింది. అక్కణ్ణుంచి ఆయిలు కారి, కాలే సైలెన్సర్ గొట్టం మీద బొట్టుబొట్టుగా పడుతోంది. కొత్త ప్యాకింగు వేసి, అంటిన నూనె కడిగాడు. వాసన పోయింది. ధనలక్ష్మి అన్నకి ఫోన్ చేసి, ఇంకొక్క వారం ఆగమంది.

ఆ వారం పూర్తి కాకుండానే షీలానగర్ దగ్గర బానెట్ అంచుల్లోంచి పొగ లేచింది. ఆడవాళ్లు దిగి ఆటో ఎక్కారు. వెళుతూ కాంతం ఆమె భుజం తట్టింది గాని, రేపు వస్తామని మాత్రం అనలేదు.

మళ్లీ షెడ్డుకి తెచ్చింది. ఎల్లారావు ఆయిలు కొలిచే పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. నూనె గుర్తు దాటి చాలా పైకుంది.

"సెల్లెమ్మా, నాను పోసింది ఇంత లేదు. ఎవులు పోత్తన్నారు?"

ఎవరూ పోయడం లేదంది. ఇంజిన్ ఇలా పొర్లిపోయేలా నిండితే ఎన్ని ప్యాకింగులు మార్చినా తోసుకుని బయటికొస్తుందని చెప్పి, అతను ఎక్కువైంది దించేశాడు. చేతులు తుడుచుకుంటూ ముందు సీటు వైపు చూశాడు. వీర్రాజు గోళ్లలో తడి ఆరని నల్లటి జిడ్డు ఉంది. ఎల్లారావు "బావా" అని, చేతులు కడుక్కోడానికి వెళ్లాడు.

మర్నాడు ధనలక్ష్మి రైలు కంటే ముందే లేచింది. వాకిట్లో బానెట్ ఎత్తి ఉంది. వీర్రాజు డిక్కీలోని డబ్బా తెచ్చుకుని, బొట్టు కింద పడకుండా ఇంజిన్లో ఆయిలు పోస్తున్నాడు. అతను బతికున్నప్పుడు ఆ ఇంజిన్ నూనె తాగేది. పొద్దున్నే కాస్త పోయకపోతే నడిచేది కాదు. అతను చనిపోయాక ఎల్లారావు దాన్ని పూర్తిగా విప్పి బాగుచేశాడు. ఆ సంగతి వీర్రాజుకి ఎవరూ చెప్పలేదు.

ఆమె వెళ్లి డబ్బా మీద చెయ్యి వేసింది.

"బండి బాగయిపోనాది మావా. ఇంజిన్ విప్పించినాను. ఇంక పొయ్యక్కర్లేదు."

అతను కదల్లేదు. ఆమె డబ్బా మీంచి చెయ్యి తియ్యలేదు.

"నాను తోలుకుంటాను. బయపడకు."

తోలడం నేర్పిన రోజుల్లో మలుపు దగ్గర ఆమె చేతుల్ని చూసినట్టే చూశాడు. తర్వాత మూత బిగించి, డబ్బా ఆమెకిచ్చాడు. ముందు సీటు దాటి వచ్చి, బాడుగ మనిషిలా వెనక కూర్చున్నాడు.

ఎవరు ఎక్కినా అడిగే మాటే అడిగింది. "ఎక్కడికెల్లాల?"

అతను హార్బరు వైపు చెయ్యి చూపించాడు. వన్ టౌన్ సందులు దాటి, పోర్టు గోడ దగ్గరికి వచ్చాక ఆమె భుజం తాకాడు. ఆపింది. దిగి, తలుపు చప్పుడు కాకుండా వేసి, లోడు లారీల మధ్యలోంచి నడిచి వెళ్లిపోయాడు. చివరి లారీ కదిలేదాకా ఆమె స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. కిటికీలోంచి చేపల వాసన తప్ప ఇంకే వాసనా లేదు.

కంచరపాలెం వచ్చేసరికి ముగ్గురూ బస్టాపులో ఉన్నారు. వాళ్ల ముందు ఆపింది. కాంతం లోపలికి వంగి గాలి పీల్చి, ముందు సీటు వైపు చూసింది.

"దిగిపోనాడు పిన్నీ" అంది ధనలక్ష్మి.

కాంతం ముందు తలుపు తీసుకుని కూర్చుంది. మిగతా ఇద్దరూ వెనక ఎక్కారు.

దారిలో అర్జునరావు నుంచి ఫోన్ వచ్చింది. బండి పక్కకాపి, బేరం వద్దని చెప్పింది. అతను చాలాసేపు మాట్లాడాడు. ఆమె విని, "బండి నాకు కావాలన్నయ్యా" అని పెట్టేసింది.

మళ్లీ గేరు వేస్తూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది.

"మీ క్యాంటీన్లో ఇంకెవులైనా వత్తారేమో అడుగు పిన్నీ. ఎనక సీటొకటి కాళీ ఉంది."