అటక మీద అతుకు

పాత తువ్వాలు పిండి, చిన్నకోడలు స్నానాలగది గోడ మళ్ళీ తుడవసాగింది. రోజూ ఉండే పనే. ఇంట్లో అందరి స్నానాలూ అయ్యేసరికి గోడలకు చెమటలు పడతాయి. వదిలేస్తే మూలల్లో నల్లటి బూజు లేస్తుంది. ఆ వాసన పక్క గదిలో పడుకునే తన పసిపాప దాకా వస్తుంది.

ఇవాళ్టితో ఆ పీడ వదిలిస్తానని బావగారు మాటిచ్చారు. ఆవిరి లాగే ఫ్యాన్ ఒకటి తెచ్చి పైకప్పుకి బిగించి, తీగ కలపడానికి అటకెక్కారు. ఆ ఇంట్లో ఏది చెడినా ఆయనే బాగుచేస్తారు. ఎలక్ట్రీషియన్‌ని పిలవడమంటే ఆయన్ని పదిమందిలో చిన్నబుచ్చడమే. మిక్సీ తీగైనా, రిమోటైనా, కళ్ళజోడు కాడైనా ఆయన వైద్యం ఒకటే కాబట్టి, తోడికోడలు తన మొగుడికి నల్లటేపు అని పేరు పెట్టింది.

"అమ్మాయ్, పాప స్నానానికి గీజరు వేసుకో. ఫ్యాన్ కూడా ఎలా తిరుగుతుందో చూడు!" అంటూ ఆయన నిచ్చెన దిగారు.

ఆమె రెండు స్విచ్చులూ వేసింది. ఫ్యాన్ బుర్రుమని తిరిగింది. అత్తగారి మొహం వెలిగిపోయింది. "నా కొడుకు చెయ్యి పడితే తిరగనిదేముంది!" అని వెళ్ళి మళ్ళీ టీవీ ముందు కూర్చుంది.

చిన్నకోడలు ఫ్యాన్ వచ్చిన అట్టపెట్టె మడుస్తూ దాని మీద అచ్చువేసిన జాగ్రత్తలు చదివింది. చదివి పైకి చూసింది. లాగిన ఆవిరి ఎటు పోతోంది? బయటి గోడకి కన్నమే లేదు కదా.

నిచ్చెనెక్కి అటకలోకి తొంగిచూసింది. ఫ్యాన్ గొట్టం బొంతల మధ్య తెరుచుకుని ఉంది. గీజరుకి వెళ్ళే లావు తీగని మధ్యలో కోసి, ఫ్యాన్ సన్నతీగని అందులో మెలిపెట్టి, టేపు చుట్టారు. ఆ అతుకు ఒక బొంత మీదే పడుకుని ఉంది. రబ్బరు మాడుతున్న వాసన. స్నానాలగదికీ పాప గదికీ కలిపి అటక ఒక్కటే, అంతా చెక్కే.

గబగబా దిగి మెయిన్ దించేసింది.

టీవీ ఆగిపోయింది. "కరెంటు పోయిందా?"

"నేనే తీశానత్తయ్యా. అతుకు వేడెక్కుతోంది. ఆవిరంతా బొంతల్లోకే పోతోంది."

బావగారు నవ్వారు. "నేను చెయ్యి పెట్టని తీగ లేదమ్మా ఈ ఇంట్లో. అట్టపెట్టె మీద నాలుగు ముక్కలు చదివి నాకే పాఠం చెప్తావా? వెయ్యి మెయిన్."

"వెయ్యను."

ఆమె నోట ఆ మాట ఎవరూ వినలేదు ఇంతవరకు. "అబ్బో, మాటలొచ్చాయే!" అంది తోడికోడలు, సరదా పట్టలేక.

చిన్నకోడలు చెయ్యి స్విచ్చు మీంచి తీయలేదు. "ఒక్కసారి తాకి చూడండి బావగారూ. చల్లగా ఉంటే నేనే వేస్తాను. మళ్ళీ నోరెత్తను."

"నేను చేసిన పనిని నేనే అనుమానించాలా?"

"నేను చూస్తానుండు," అని అత్తగారు కొంగు దోపుకుంది. "నా కొడుకు మీద నాకు నమ్మకముంది."

"మెల్లగా అత్తయ్యా," తోడికోడలు నిచ్చెన పట్టుకుంది. "పడితే మీక్కూడా టేపేస్తారు."

అటక మీద సణుగుడు వినిపించింది. ఆగింది. తర్వాత ఒక్క కేక.

"అమ్మోయ్! కాలుతోందిరా!"

ఆమె వేలికి కరిగిన నల్లటి జిగురు అంటుకుంది. రెండో చేత్తో బొంతని ఈడ్చి కింద పడేసింది. దాని మీద గోధుమరంగు మచ్చ.

"ఇంకాసేపుంటే అంటుకునేదే," అంది చిన్నకోడలు. "గొట్టం గోడ దాటి బయటికి పోవాలి. ఫ్యాన్‌కి వేరే తీగ, దానికి తగ్గ చిన్న ఫ్యూజు ఉండాలి. అతుకేదైనా మూతున్న డబ్బాలోనే. దుమ్ము పట్టి ఫ్యాన్ ఇరుక్కుందనుకోండి, సన్నతీగ మాడి మసైపోయినా గీజరుకున్న పెద్ద ఫ్యూజుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"విన్నావుట్రా? దీని కిందే కదరా పసిది పడుకునేది!" అత్తగారు పైనుంచే గద్దించింది. ఆపైన బొంతలు, పరుపులు, దిళ్ళు ఒకటొకటే గాల్లో ఎగురుతూ వచ్చాయి. తోడికోడలు తుమ్ముతూ, నవ్వుతూ అందుకుంటోంది. ఇల్లంతా దుమ్ము, కేకలు. ఆ గోలకి పాప లేచి, ఏడవడం మరిచి, చంకనెత్తుకున్న అమ్మ భుజం మీంచి కళ్ళింతలు చేసుకుని చూస్తోంది.

"అమ్మాయ్, నువ్వు మెయిన్ దగ్గరే ఉండు," అటక మీంచి అత్తగారి ఆజ్ఞ. "నువ్వు చెప్పేదాకా ఈ ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. నీకూ చెప్తున్నానురా, పెద్దోడా!"

చిన్నకోడలు పాపని చంకలో సర్దుకుని నిటారుగా నిలబడింది. నవ్వాపుకోవడం ఆమె వల్ల కాలేదు.

బావగారు బొంత మీద మచ్చని బొటనవేలితో రుద్దారు. గుడ్డ పొడిపొడిగా రాలి, లోపల దూది బయటపడింది. అదీ కమిలి ఉంది. ఆయన తలెత్తి పాప వైపు చూశారు.

"ఏమండీ, ఎక్కడికి?" అంది తోడికోడలు.

ఆయన చెప్పులు తొడుక్కున్నారు. గుమ్మం దిగి, ఎలక్ట్రీషియన్ దుకాణమున్న వైపు నడిచి వెళ్ళిపోయారు.