ఐదేళ్ల చేతులు

ఆదివారం పొద్దున టీలు అయ్యాక ఆ ఇంట్లో వంటింటి బల్ల తుడుస్తారు. తుడిచేది అత్తగారు. కోడలు ఉంగరం, గడియారం తీసి స్టీలు గిన్నెలో వేసి కుర్చీలో కూర్చుంటుంది. అత్తగారు ఫోను నిలబెట్టి, "ఊఁ, కానీ అమ్మాయ్," అంటుంది. ఇక ఆ వారం బొమ్మ సంగతి మొదలవుతుంది.

కోడలు బొమ్మలకి రివ్యూలు చెబుతుంది. ఏది కొనాలో, ఏది కొనకూడదో ఆవిడ చెబితే పిల్లలున్నవాళ్లు బుద్ధిగా వింటారు. వినడానికి కారణం ఆ బల్ల. మూతపడిన ఒక బడి సామాను అమ్ముతుంటే, కూరలు తరుక్కోవడానికి బాగుంటుందని అత్తగారు కొనుక్కొచ్చింది. దాని ముందు కూర్చుని కూరలు తరిగితే ఏమీ కాదు. బొమ్మ పట్టుకుంటే మాత్రం ఎవరి చేతులైనా సరే, వాళ్ల ఐదేళ్లప్పటి చేతులైపోతాయి. బొమ్మ వదిలేసి లేస్తే మళ్లీ మామూలే. ఉంగరం ముందే తియ్యకపోతే జారిపోయి ఏ బీరువా కిందకో దొర్లుతుంది, దాన్ని వెతుక్కోవడం ఒక పని. ఆ బల్లతో వాళ్లకున్న ఇబ్బంది అదొక్కటే. కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినాయన ఒకసారి సరదాకి బుల్లి కారు పట్టుకున్నాడు. తన చేతులకేసి చూసుకుని, చిన్నప్పుడు గోళ్లు తెగ కొరికేవాణ్ణని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ ఇంటి కొడుకు మాత్రం ఆ బల్ల దగ్గర కూర్చునేవాడు కాదు, తీరిక లేదనేవాడు. అతనిది బొమ్మల కంపెనీ గోడౌనులో పెట్టెల మీద వయసు స్టిక్కర్లు అంటించే పని. ఏ స్టిక్కరు ఇస్తే అది అంటిస్తాడు. ఎవరేమన్నా "సరే సార్" అంటాడు. ఎంతగా అలవాటైపోయిందంటే, ఇంట్లో ఉప్పు అందివ్వమంటే వాళ్లమ్మతో కూడా "సరే సార్" అనేసి నాలిక కరుచుకుంటాడు. అలాంటి మనిషి మీద కోపం కూడా సరిగ్గా రాదు.

ఆ కంపెనీ నుంచే ఒక డైనోసార్ వచ్చింది. మడతలు విప్పి తిప్పితే రోబో అయ్యే రకం. కోడలికి చూడగానే నచ్చింది, ఆ మాట దాచుకోకుండా చెప్పింది. ఆకుపచ్చ రంగు మరీ కొట్టొచ్చినట్టు లేదు. బరువు చేతికి హాయిగా ఉంది. తోక ముట్టుకుంటే నిజం తోకలా ఊగుతుంది. డైనోసార్‌గా ఉన్నంతసేపూ దీనికి వంక పెట్టలేమని నవ్వింది. తర్వాత మార్చడం మొదలుపెట్టింది. వెనక కాళ్లు తిప్పింది, అవి రోబో కాళ్లయ్యాయి. తోక ఊడదీసింది, అది కత్తి అయింది. ఆఖర్న డైనోసార్ తలని కిందకి మడిచి రోబో ఛాతీలోకి నొక్కాలి. పెద్దవాళ్లయితే పైనుంచి అరచేత్తో నొక్కేస్తారు. ఐదేళ్ల చేతికి అంత బలం ఎక్కడిది? వేలు దవడలోకి దూర్చి లాగాల్సిందే. లాగింది. లోపలి స్ప్రింగు పట్టుకి దవడ ఠప్పున వేలి మీద మూసుకుంది.

కోడలు వేలు నోట్లో పెట్టుకుంది. తర్వాత పెట్టె తిప్పి, 'ఐదేళ్లు, ఆపైన' అన్న స్టిక్కరు ఫోను దగ్గరగా చూపించింది.

"ఇది అంటించింది మా ఆయనే. అంటించమన్నది ఇంకెవరో. ఎవరైతేనేం, అబద్ధం. ఐదేళ్ల పిల్లలకి కొనకండి," అంది.

గోరు నల్లబడింది. బల్ల దగ్గర్నుంచి లేచాక చెయ్యి పెద్దదైంది కానీ, నలుపు అలాగే ఉండిపోయింది.

రెండ్రోజులకి కంపెనీ మేనేజరు ఇంటికి వచ్చాడు, కొడుకుని వెంటబెట్టుకుని. తిడుతున్నప్పుడు కూడా నవ్వుతాడు కాబట్టి గోడౌనులో ఆయన్ని నవ్వు మేనేజరు అంటారు. సంచీలోంచి ఇంకో డైనోసార్‌నీ, వేళ్లలో దూది కూరిన ఒక జత గ్లౌజులనీ తీసి బల్ల మీద పెట్టాడు. రివ్యూ మళ్లీ చెయ్యాలన్నాడు. ఈసారి ఆ గ్లౌజులు వేసుకుంటే చేతులు పెద్దవిగా కనబడతాయన్నాడు. తల దగ్గర స్ప్రింగు తీసేసిన బొమ్మని ఆ రోజుకి తామే పంపిస్తామన్నాడు. మేడంగారు కొంచెం అలవాటైతే చాలా సులువని ఒక్క మాట అంటే చాలన్నాడు. అనకపోతే మీ ఆయనకి స్టిక్కర్ల పని ఉండదని కూడా అదే నవ్వుతో చెప్పాడు.

కొడుకు గుమ్మం దగ్గరే నిలబడి, "ఒక్కసారికే కదా," అన్నాడు భార్యతో.

కోడలికి ఒళ్లు మండిపోయింది. "నా వేలు నలిగింది, నేను ఓర్చుకుంటాను. రేపు నలిగేది ఎవరి పిల్లల వేలో నాకు తెలీదు. దూది పెట్టుకుని నవ్వుతూ చెప్పమంటారా? చెప్పను," అంది.

మేనేజరు ఆవిణ్ణి వదిలేసి కొడుకు వైపు తిరిగాడు. "రోజూ చూసే బొమ్మే కదయ్యా. కూర్చుని చేసి చూపించు, మేడంగారికి నమ్మకం కుదురుతుంది."

"సరే సార్," అని కొడుకు మొదటిసారి ఆ బల్ల ముందు కూర్చున్నాడు. గడియారం తియ్యాలన్న ధ్యాస లేదు. బొమ్మ పట్టుకోగానే గడియారం చేతి నుంచి జారి నేల మీద పడింది.

అత్తగారు గడియారం కోసం వంగి, లేచి, అలాగే ఆగిపోయింది. బల్ల మీద ఉన్నవి తన పిల్లాడి చేతులు. బొటనవేలి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ కూడా ఉంది. ముట్టుకోకురా అంటే ముట్టుకుని చూసిన వేలు అది. ఆ వయసులో వాడు ఎవరి మాటా వినేవాడు కాదు.

కాళ్లు తిప్పాడు. తోక తీశాడు. తల దగ్గర ఆగాడు.

"లాగు," అన్నాడు మేనేజరు.

లాగాడు. ఠప్పుమంది. కొడుకు "అమ్మా" అన్నాడు. అత్తగారు పరుగున వచ్చి ఆ చిన్న చేతిని పట్టుకుని ఊదింది.

మేనేజరు నవ్వుతూనే ఉన్నాడు. "చెప్పానుగా, అలవాటు కావాలి. ఇంకోసారి."

"సరే..." అంది కొడుకు నోరు. చెయ్యి వినలేదు. అమ్మ చేతిలోంచి విడిపించుకుని డైనోసార్‌ని బల్ల చివరికి నెట్టింది. గ్లౌజుల్ని కూడా తోసి కింద పడేసింది. మేనేజరు వాటిని ఏరి మళ్లీ పెట్టాడు. చెయ్యి మళ్లీ తోసేసింది. కొడుకు తన చేతినే కాసేపు చూశాడు. ఆ 'సరే' తర్వాత రావాల్సిన 'సార్' రాలేదు.

రేపు గోడౌనులో మాట్లాడుకుందాం అని మేనేజరు వెళ్లిపోయాడు. డైనోసార్‌నీ, గ్లౌజుల్నీ మర్చిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నమే కొడుకు ఇంటికి వచ్చాడు. అత్తగారు బల్ల దగ్గర కూరలు తరుగుతోంది.

"తీసేశారా?"

"తీసేశారమ్మా. అవే స్టిక్కర్లు చేతికిచ్చి అంటించమన్నారు. చెయ్యనన్నాను."

అత్తగారు కత్తి కింద పెట్టింది. ఆ మాట వాడి నోట విని ఎన్నేళ్లయిందో. అన్నప్పుడల్లా కొట్టి ఆ మాట మాన్పించింది తనే. మొండివాడని పేరొస్తే ఎక్కడా నెగ్గుకురాలేడని భయపడింది. ఆ భయం తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొచ్చింది.

"ఇంకోసారి అనరా," అంది.

"చెయ్యను."

"గట్టిగా అను."

"చెయ్యనమ్మా!"

పక్కగదిలోంచి కోడలు నవ్వింది. ఉద్యోగం పోయిన ఇంట్లో అంత నవ్వు ఏమిటని పక్కింటివాళ్లు అనుకునే ఉంటారు. అనుకోనీ.

ఆదివారం వచ్చింది. కంపెనీ బొమ్మలు పంపడం మానేసింది. టీగిన్నె సెగ చేతికి తగలకుండా అత్తగారు ఆ దూది గ్లౌజులతో పట్టుకుని దించింది, ఆ పనికి అవి బాగానే పనికొచ్చాయి. బల్ల తుడిచింది. బల్ల ముందు ఈసారి రెండు కుర్చీలున్నాయి, స్టీలు గిన్నెలో రెండు గడియారాలున్నాయి. మేనేజరు వదిలేసి పోయిన డైనోసార్‌ని మధ్యలో పెట్టి మొగుడూ పెళ్లాం చెరోవైపు పట్టుకున్నారు. ఫోనులో నాలుగు చిన్న చేతులు కనబడ్డాయి, వాటిలో రెండు వేళ్ల గోళ్లు నల్లగా ఉన్నాయి.

"ఊఁ, కానీ అమ్మాయ్," అంది అత్తగారు.

"ఈ వారం కూడా అదే బొమ్మ," అంది కోడలు. "ఈసారి ఇద్దరం చెబుతాం."